గాబులో కాంక్రీటు దిమ్మలు

ఒక్కో దిమ్మ ఎనిమిది కిలోల పైమాటే. మూడు దిమ్మల్ని గోనెసంచిలో వేస్తే పాతిక కిలోలు. పామర్రు సెంటర్లో బస్సెక్కి, ఆ సంచిని సీటు కిందకి తోసి, కాళ్లతో అదిమి పట్టుకుని విజయవాడ దాకా కూర్చోవడమే నా ఎం.టెక్. చదువులో పెద్ద భాగం. మొదట్లో కండక్టర్లు అడిగేవారు, "ఏంటండీ మేడం, అంత బరువు?" అని. కాంక్రీటు అని చెబితే నమ్మేవారు కాదు. ఒకాయన సంచి మూతి విప్పి చూసి, "ఇయ్యి విజయవాడలో దొరకవాండీ?" అన్నాడు జాలిగా. కొన్నాళ్లకి నన్ను చూడగానే డ్రైవరు వెనక సీటు చూపించడం మొదలుపెట్టారు. సంచి దింపేటప్పుడు ఒక చెయ్యి వేసేవారు కూడా.

దిమ్మ అంటే అరడుగు పొడవూ వెడల్పూ ఎత్తూ ఉండే కాంక్రీటు ముక్క. స్లాబు వేసే రోజున, ఆ స్లాబుకి కలిపిన మాలులోంచే కాస్త తీసి ఇనప పెట్టెల్లో పోస్తారు. మర్నాడు పెట్టె విప్పి దిమ్మని బయటికి తీసి, ఇరవై ఎనిమిదో రోజున యంత్రం కింద పెట్టి నలగ్గొడతారు. ఎంత బరువుకి పగిలిందో చూసి కాంక్రీటు బలం లెక్కకడతారు. పుస్తకాల్లో దాన్ని క్యూబు అంటారు. మా మేస్త్రి గారు దిమ్మ అనేవారు, నాకూ అదే నోటికి వచ్చేసింది.

అప్పటికి నేను విజయవాడ దగ్గర ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో సివిల్ లెక్చరర్ని. కాంట్రాక్టు ఉద్యోగం. ఎం.టెక్. లేనిదే పర్మినెంటు చేయరు కాబట్టి, సాయంత్రం క్లాసులుండే ఒక కాలేజీలో నిర్మాణాల నిర్వహణ మీద ఎం.టెక్.లో చేరాను. మూడేళ్ల కోర్సు. రెండో ఏట పాప పుట్టింది. నాలుగో ఏట నా గైడు గారు బదిలీ మీద వెళ్లిపోతే, కొత్తగా వచ్చిన ఆయనకి నా పాత అంశం నచ్చలేదు. మళ్లీ మొదటికొచ్చాను. ఆరో ఏట యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది, ఆగస్టు నెలాఖరుకి థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దని. ఆ ఉత్తరం తీసుకెళ్లి మా ప్రిన్సిపాల్ గారికి చూపించాను. ఆయన చదివి, మడిచి, నా చేతికిచ్చారు. "నేనూ అప్పటిదాకానే ఆపగలనమ్మా. ఆపైన మేనేజ్‌మెంటు వేరేవాళ్లని పెట్టుకుంటుంది," అన్నారు. కటువుగా ఏమీ అనలేదు. కానీ ఆ ఆగస్టు దాటితే నాకు డిగ్రీ లేదు, ఉద్యోగమూ లేదు.

ఆ ఏళ్లలో నాకు బాగా గుర్తున్నది అలసట. పొద్దున్నే వంట, ఎనిమిదింటికి పాలిటెక్నిక్, సాయంత్రం క్లాసు, ఆఖరి ఏడాది ఆదివారాల్లో పామర్రు బస్సు. పటమటలో మా ఇల్లు బస్సు దిగే చోటికి దూరమేమీ కాదు, అయినా మా ఆయన స్కూటరు తెచ్చేవారు, నాకోసం కాదు, సంచి కోసం. క్లాసులో కూర్చుంటే కళ్లు మూతలు పడేవి. చదువంటే ఇష్టం పోయి చాలా కాలమైంది. అయిపోతే చాలనిపించేది.

క్లాసులో మాకు పనులకి నెట్‌వర్కు గీయడం నేర్పేవారు. పునాది ఒక గుండ్రం, గోడలు ఒక గుండ్రం, స్లాబు ఒక గుండ్రం, మధ్యలో బాణాలు, ప్రతి బాణం మీదా ఎన్ని రోజులు పడుతుందో అంకె. బోర్డు మీద చూస్తే ముచ్చటగా ఉండేది. డెల్టాలో ఇల్లు అలా లేవదు. మూఢం వస్తే ముహూర్తాలుండవు, ఆషాఢంలో స్లాబు వేయరు, కోతలప్పుడు కూలీలు దొరకరు. ఈ మూడింటికీ మా పుస్తకంలో గుండ్రాల్లేవు. అన్నీ తప్పించుకుని చూస్తే మిగిలేది ఎండాకాలం. పంట చేతికొచ్చి ఉంటుంది, నల్లరేగడి ఎండి గట్టిపడి ఉంటుంది, మనుషులు ఖాళీగా ఉంటారు. అందుకని ఊళ్లో స్లాబులన్నీ ఆ రెండు మూడు నెలల్లోనే పడతాయి. సరిగ్గా ఆ నెలల్లోనే నీళ్లు ఆపేసి కాలువలు కట్టేస్తారు.

కాంక్రీటుకి నీళ్లు కావాలి. వేసిన మర్నాటి నుంచి రెండు వారాలైనా తడిగా ఉంచాలి. మా వైపు స్లాబు మీద మట్టితో, ఇసుకతో చిన్న చిన్న గట్లు పోసి మళ్లు కడతారు, వరిచేలో కట్టినట్టే. ఆ మళ్లలో నీళ్లు నిలబెడతారు. కాలువలో నీళ్లుంటే ఇదంతా పెద్ద పని కాదు. కట్టేశాక చెరువులో ఉన్నది తాగడానికే చాలదు, బోరు వేస్తే ఉప్పునీళ్లు పడతాయి. నాలుగైదు రోజులు ట్యాంకరు నీళ్లు పోసి, ఆ తర్వాత స్లాబుని దాని ఖర్మానికి వదిలేస్తారు. అలా వదిలేసిన స్లాబు ఎంత బలం పోగొట్టుకుంటుంది, దాన్నిబట్టి ఇంటి పనులు ఏ వరసలో పెట్టుకోవాలి? ఇది నా థీసిస్. కొత్త గైడు గారు దీనికి ఒప్పుకున్నారు. "కనీసం మన ఊరి సంగతి," అన్నారు.

దీనికి నాకొక మేస్త్రి కావాల్సి వచ్చింది. మా పుట్టిల్లు పామర్రుకి దగ్గర్లోనే, అక్కడ మా అన్నయ్య చెప్పిన మనిషి ఈయన. యాభై అయిదేళ్లుంటాయి, సన్నగా, తలకి ఎప్పుడూ తువ్వాలు. ఆ చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లలో ఆయన స్లాబు వేశాడంటే కారదని పేరు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి తప్ప పని మధ్యలో ఆగేవాడు కాదు. నేను మొదటిసారి ఇనప పెట్టెలతో వెళ్లినప్పుడు పెద్ద ఉత్సాహం చూపించలేదు.

"గవర్నమెంటు వాళ్లాండీ?" అన్నాడు.

"కాదండీ, చదువుకుంటున్నాను. ఇది నా పరీక్ష కోసం."

నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. అప్పటికే నా జుట్టు చెవుల దగ్గర నెరిసింది.

"ఇంకా చదువేనా అమ్మా?" అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు. అందుకే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆరేళ్ల సంగతీ, ఆగస్టు సంగతీ, ఉద్యోగం సంగతీ ఆయనకి చెప్పేశాను. చెప్పాల్సిన అవసరం లేదు. ఎండలో నిలబడి, ఇటికల కుప్ప పక్కన, ముక్కూ మొహం తెలియని మనిషితో అంతా చెప్పుకున్నాను. ఆయన తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, "పెట్టెలు అక్కడ పెట్టండి. మన దిమ్మలు పోనియ్యనులేండి," అన్నాడు.

ఆ వేసవిలో ఆయన మూడు స్లాబులు వేశాడు. ఒక్కో స్లాబుకి ఆరు దిమ్మలు పోశాను. మూడింటిని మర్నాడే విజయవాడ తెచ్చి ల్యాబులో నీళ్ల తొట్టిలో వేసేదాన్ని, వాటికి ఏ లోటూ ఉండదు. మిగతా మూడూ స్లాబు మీదే ఉండాలి. స్లాబుకి నీళ్లు పోసిన రోజు వాటికీ పోయాలి, ఎండగట్టిన రోజు అవీ ఎండాలి. ఇరవై ఎనిమిదో రోజు వెళ్లి తెచ్చుకోవాలి. రెండు రకాల దిమ్మల్నీ పగలగొట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది. ఈ పద్ధతి అంతా నేను మేస్త్రి గారికి చెప్పాననే అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, దిమ్మల్ని స్లాబు మీద ఉంచండి అని మాత్రమే చెప్పాను. ఎందుకో చెప్పలేదు. మేస్త్రికి కారణాలు చెప్పాలని మాకు ఏ క్లాసులోనూ నేర్పలేదు, నాకూ తోచలేదు.

మొదటి స్లాబు దిమ్మలు యంత్రం కింద పెట్టిన రోజు నాకు బాగా గుర్తు. ల్యాబు తొట్టిలో ఉన్నవి ముందు పగలగొట్టాం. తర్వాత పామర్రు ఎండలో ఉన్నవి. యంత్రం మీద బరువు చూపించే సూది ఎక్కుతూ పోయింది, ఇంకా ఎక్కింది. ఎండలో మాడిన దిమ్మ తొట్టిలో నానిన దిమ్మకి ఏమీ తీసిపోలేదు. రెండో స్లాబూ అంతే. గైడు గారు తల పంకించి, "చూశారా, మనం అనుకున్నట్టు లేదు. ఇదీ ఒక ఫలితమే," అన్నారు. ఇంటికొచ్చి ఆలోచించాను. సముద్రం దగ్గర కదా, గాలిలో తేమ ఉంటుంది, ఆ తేమే కాంక్రీటుని కాపాడుతోంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సర్దిచెప్పుకోవడమే కాదు, దాని మీద నాలుగు పేజీలు రాశాను. మా ఆయనకి చదివి వినిపించాను కూడా. ఆయన సివిలు కాదు కాబట్టి చాలా బాగుందన్నారు.

మే నెలలో పాలిటెక్నిక్‌కి సెలవులు. ఒక మంగళవారం నాడు, చెప్పకుండా, మూడో స్లాబు చూడ్డానికి వెళ్లాను. స్లాబు వేసిన రోజూ మర్నాడూ పోతే, ఆదివారాలు తప్ప ఎప్పుడూ వెళ్లలేదు. మెట్లెక్కి పైకి వెళ్తే స్లాబు మీద మళ్ల గట్లు ఎండి పొడిపొడిగా రాలుతున్నాయి. కాంక్రీటు మీద సన్నగా, వెంట్రుకవాసి పగుళ్లు కనిపించాయి. కాలు పెడితే కాలుతోంది. దిమ్మలు లేవు. మూడు చదరపు మచ్చలు మాత్రం ఉన్నాయి. ఎవరో ఎత్తుకుపోయారేమోనని మెట్లు దిగి ఇంటి చుట్టూ వెతికాను. ఆ దిమ్మలతో ఎవరికైనా ఏం పని అని కూడా తోచలేదు.

మేస్త్రి గారి ఇల్లు రెండు వీధుల అవతల. ఆయన పనికి వెళ్లాడు. ఆయన భార్య వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుతోంది. అంతకుముందు ఒకటి రెండుసార్లు వాళ్లింట్లో మజ్జిగ తాగాను, నేను ఆవిణ్ణి పిన్నిగారూ అనేదాన్ని.

"దిమ్మలు కనపట్టం లేదు పిన్నిగారూ," అన్నాను, ఇంకా ఆయాసపడుతూనే.

ఆవిడ నవ్వింది. "కంగారు పడమాకమ్మా. భద్రంగా ఉన్నయ్యి. ఇట్టా రా."

పెరట్లో నీళ్ల గాబు ఉంది. మా వైపు ఇళ్లలో వాడుకనీళ్లు పోసుకునే సిమెంటు తొట్టి. మూత తీసింది. అడుగున, తేటగా ఉన్న నీళ్లలో, మూడు దిమ్మలు వరసగా ఉన్నాయి. నేను రంగుతో వేసిన అంకెలు కూడా కనిపిస్తున్నాయి. గాబు పక్కన నాలుగు ఖాళీ బిందెలు బోర్లించి ఉన్నాయి.

"మూడు రోజులకోసారి నీళ్లు మారుత్తన్నానమ్మా. పాచి పట్టకుండా కొబ్బరిపీచుతో రుద్దుతున్నా. ఆ ముందు స్లాబులయ్యి కూడా ఇక్కడే ఉంచాం. నువ్వొచ్చే ఆదివారం పొద్దున్నే ఆయన తీసుకెళ్లి పైన పెట్టేవోడు."

"ఈ నీళ్లు ఎక్కడివి పిన్నిగారూ?"

"ట్యాంకరియ్యే. మా వీధికి రోజు మార్చి రోజు వత్తది. ఇంటికి ఆరు బిందెలు. మేవిద్దరమేగా, సరిపెట్టుకుంటన్నాం. చదువు కోసం చేసేదానికి లెక్కేంటమ్మా."

నేను గాబు అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కోపం వచ్చింది, అబద్ధమెందుకు. రెండు నెలల పని, మూడు స్లాబులు, పద్దెనిమిది దిమ్మలు, నా తేమ మీద నాలుగు పేజీలు, అన్నీ ఆ గాబులో మునిగిపోయాయి. కానీ ఆ కోపాన్ని ఎవరి మీద పెట్టను? ఆవిడ తన తాగేనీళ్లు నా కాంక్రీటుకి పోసింది. ఆ చేతుల మీద కొబ్బరిపీచు గీతలు కనిపిస్తున్నాయి. నా చదువు గురించి అంత పట్టించుకున్నవాళ్లు మా ఇంట్లో కూడా లేరు. అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చేశాను. ఆవిడ పాపం సంతోషంతో అనుకుని నా వీపు నిమిరింది.

మేస్త్రి గారు భోజనానికి వచ్చాక ఆయనకి మొదటినుంచీ చెప్పాను. దిమ్మ బలంగా ఉండటం నాకు అక్కర్లేదనీ, స్లాబుకి ఎంత కష్టమైతే దిమ్మకీ అంత కష్టం కావాలనీ చెప్పాను. ఆయన అన్నం ముందు చెయ్యి ఆపి విన్నాడు.

"ముందే ఈ ముక్క చెప్పి ఉంటే అయిపోయేది గదమ్మా," అన్నాడు చివరికి. "ఎండలో అయ్యి మాడతంటే చూడలేకపోయా. మీ చదువు పోద్దనుకున్నా. ఇంకోటి కూడా చెప్తా, తప్పుగా అనుకోవద్దు. నా చేతి మాలు పట్నంలో యంత్రం కింద పగిలిపోతే నాకు మాత్రం నామోషీ కాదా? సగం మీకోసం, సగం నాకోసం చేశా."

నేను చెప్పకపోవడం వల్లే ఇదంతా జరిగిందన్నాను. ఆయన కాదనలేదు.

విజయవాడ వచ్చి గైడు గారికి జరిగింది చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టుకున్నారు. ఆయన కూడా అలసిపోయిన మనిషే, ఆ ఏడు ఆయన చేతి కింద నాలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. "ఈ సంగతి మీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు?" అన్నారు. "అంకెలు ఉన్నాయి, నాలుగు పేజీల వివరణ కూడా రాశారు. ఇచ్చెయ్యండి. ఆగస్టు ఆగదు." నిజం చెబుతున్నాను, ఆ మాట నాకు చాలా తీపిగా వినిపించింది. ఇంటికి వెళ్లి టైపు చేయించడానికి కాగితాలు కూడా సర్దాను. సర్దుతుంటే చివరి పేజీ కంటబడింది. కాలువలు కట్టేసిన నెలల్లో, నీళ్లు పెట్టకపోయినా స్లాబుకి చెప్పుకోదగ్గ నష్టం లేదు అని నా చేతిరాతలో ఉంది. నేను కాలు పెట్టిన ఆ పగుళ్ల స్లాబు కింద ఒక కుటుంబం పడుకోబోతోంది. ఈ కాగితం చదివి ఇంకో నలుగురు ట్యాంకరు మానేస్తారు. ఇవ్వలేకపోయాను. ఇందులో నా గొప్పేమీ లేదు, ఇచ్చేసి ఉంటే నిద్రపట్టేది కాదు, అప్పటికే నాకు నిద్ర తక్కువ.

మిగిలింది ఒక్కటే దారి. జూన్ మొదటి వారంలో మేస్త్రి గారు ఒక రిటైర్డు టీచరు గారి ఇంటికి స్లాబు వేస్తున్నారు. ఆ తర్వాత ఆషాఢం, ఇంక ఎవరూ వేయరు. ఆ ఒక్క స్లాబు దిమ్మలు ఇరవై ఎనిమిది రోజులు ఉన్నదున్నట్టు ఎండితే, జూలై మొదట్లో పగలగొట్టి, ఆగస్టుకి రాసి ఇవ్వొచ్చు. దానికి రెండు జరగకూడదు. కాలువకి నీళ్లు వదలకూడదు. వాన పడకూడదు. నీళ్లు వస్తే టీచరు గారు సంతోషంగా స్లాబు తడుపుకుంటారు, వాన పడితే దిమ్మలు తడుస్తాయి, నా వేసవి అక్కడితో అయిపోతుంది.

స్లాబు వేసిన రోజు టీచరు గారికి నేనే చెప్పాను, కనీసం పది రోజులైనా నీళ్లు పెట్టించండి అని. "ఎక్కడున్నయ్యమ్మా నీళ్లు? ట్యాంకరు అయిదు రోజులకి చెప్పుకున్నా, అదే గగనం," అన్నారాయన. అయిదు రోజులు పెట్టారు, ఆపేశారు. నా దిమ్మలు మూడూ ఆ స్లాబు మూలన ఉన్నాయి. మేస్త్రి గారు రోజూ సాయంత్రం పైకెక్కి చూసి వచ్చేవాడట. "చెయ్యి ఆగట్లేదమ్మా, చెంబుడు పొయ్యాలనిపిత్తంది," అన్నాడొకసారి. ఆయన మీద నమ్మకం లేక కాదు గానీ, ఆ గాబు గుర్తొచ్చి నాకు భయం వేసేది.

మామూలుగా జూన్‌లో కాలువలకి నీళ్లు వదిలేస్తారు. ఆ ఏడు పై నుంచి రాలేదు. పేపర్లో రోజూ బ్యారేజీ నీటిమట్టం వేసేవారు. రైతులు ఆ అంకె పెరగలేదని దిగులుపడేవారు, నేనేమో అది పెరగలేదని ఊపిరి పీల్చుకునేదాన్ని. మా పుట్టింటి చేలు కూడా ఆ కాలువ కిందివే. అన్నయ్య ఫోను చేసి, "నారుమళ్లకి కూడా దిక్కులేదు, చెరువులో బురద తేలింది," అంటే, "అయ్యో" అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు. ఫోను పెట్టేశాక గోడ మీద క్యాలెండరులో ఆ రోజు కొట్టేశాను. పన్నెండో రోజు.

మేస్త్రి గారి ఇంటి పక్కనే కిరాణాకొట్టు ఉంది, అందులో రూపాయి బిళ్ల వేసి మాట్లాడే ఫోను ఉండేది. దానికి నేను రోజు మార్చి రోజు చేసేదాన్ని. వాళ్లు పిలిస్తే పిన్నిగారు వచ్చి మాట్లాడేది.

"నీళ్లు వదిలారా పిన్నిగారూ?"

"లేదమ్మా."

"వానేమైనా పడిందా?"

"ఎక్కడమ్మా, నిప్పులు గక్కుతుంటే."

"సరే పిన్నిగారూ."

ఇవే మాటలు. పంతొమ్మిదో రోజు సాయంత్రం విజయవాడలో మబ్బు పట్టింది. క్లాసులో ఉన్నాను, కిటికీలోంచి తడిమట్టి వాసన వచ్చింది. అందరూ హాయిగా కిటికీల వైపు తిరిగారు. నేను మధ్యలో లేచి వచ్చి, కాలేజీ ఎదురుగా ఉన్న టెలిఫోన్ బూతులోంచి ఫోను చేశాను. పిన్నిగారు రావడానికి ఆలస్యమైంది, బిందెల వరసలో ఉందట.

"మా కాడ చినుకు కూడా పళ్లేదమ్మా. మబ్బు పట్టినట్టే పట్టి అట్టా అటు పోయింది."

"హమ్మయ్య," అన్నాను.

మనసులో అనుకున్నది కాదు, బయటికే వచ్చేసింది. అవతల ఆవిడ వెనకాల బిందెల చప్పుడు వినిపిస్తోంది, ఎవరో వంతు కోసం గొడవపడుతున్నారు. "ఉంటానమ్మా, నా వంతొచ్చింది," అని పెట్టేసింది. నేను బూతులో కాసేపు నిలబడ్డాను. ఆరు బిందెల నీళ్ల కోసం ఎండలో నిలబడే మనిషికి, ఆ నీళ్లే నా దిమ్మలకి పోసిన మనిషికి, నేను చెప్పిన మాట అది. నా మీద నాకు అసహ్యం వేసింది. అలా వేసినా, మర్నాడు పొద్దున్నే పేపరు తెరిచి నీటిమట్టమే చూశాను. ఆ తర్వాత మాత్రం ఫోను చేయడానికి మొహం చెల్లలేదు.

ఇరవై ఎనిమిదో రోజు ఆదివారం కాదు. పాలిటెక్నిక్‌లో సెలవు పెట్టి మొదటి బస్సుకి బయల్దేరాను. ఉయ్యూరు దాటాక రోడ్డు పక్కన కాలువ అడుగు నెర్రెలిచ్చి ఉంది, అందులో గేదెలు నిలబడి ఉన్నాయి. టీచరు గారి మేడ మీదకి మేస్త్రి గారూ నేనూ ఎక్కాం. దిమ్మలు తెల్లగా, పొడిగా, ఉంచిన చోటే ఉన్నాయి. ఆయన ఒక్కోదాన్నీ రెండు చేతులతో ఎత్తి సంచిలో పెట్టాడు. "ఇయ్యి నిలబడవమ్మా," అన్నాడు నెమ్మదిగా. చేతిలో పట్టుకుంటేనే ఆయనకి తెలిసిపోయింది. తర్వాత ల్యాబులో అదే జరిగింది. సూది కాస్త దూరం వెళ్లి ఆగిపోయింది, దిమ్మలు అంచుల నుంచి పొడిగా రాలిపోయాయి. గైడు గారు సంతకం పెట్టారు, ఆగస్టులో థీసిస్ ఇచ్చాను, వైవాలో గట్టెక్కాను, ఉద్యోగం పర్మినెంటు అయింది. ఇప్పటికీ క్లాసులో మా పిల్లలకి పాఠం చెబుతూ, మేస్త్రికి పని చెప్పడంతో సరిపెట్టకండి, కారణం కూడా చెప్పండి అంటాను. వాళ్లు రాసుకోరు.

ఆ రోజు టీచరు గారి మేడ దిగాక సంచి మూతి కట్టి మేస్త్రి గారు సైకిలు మీద పెట్టాడు. ఆయన నడిపిస్తుంటే పక్కన నడిచాను. వాళ్ల వీధి మలుపులో ట్యాంకరు ఆగి ఉంది. ముప్పై నలభై మంది ఆడవాళ్లు బిందెలు పెట్టుకుని వరసలో ఉన్నారు. పిన్నిగారు నన్ను చూసి తన బిందె వరసలోనే వదిలి ఎదురొచ్చింది. సంచి వైపు చూసింది.

"అయిపోయిందా అమ్మా? మొత్తం రోజులన్నీ అయినయ్యా?"

"అయ్యాయి పిన్నిగారూ."

"ఇంక నీళ్లు రావచ్చా?"

ఎత్తిపొడుస్తోందేమోనని మొహంలోకి చూశాను. లేదు. ఆఫీసులో గుమస్తాని అడిగినట్టు, తెలిసినవాళ్లని అడిగినట్టు అడిగింది. ఇన్నాళ్లూ ఆవిడ కూడా నాతోపాటు రోజులు లెక్కపెట్టింది, నా పరీక్ష అయ్యేదాకా రాకపోయినా పర్వాలేదని ఓర్చుకుంది. "రావచ్చు పిన్నిగారూ," అన్నాను.

ఆవిడ వెనక్కి తిరిగి వరసలో వాళ్లందరికీ వినపడేట్టు, "మేడం గారి పరీక్ష అయిపోయిందంట," అని చెప్పింది. వాళ్లకి నేనెవరో ఏం పరీక్షో తెలియదు. అయినా రెండు మూడు గొంతులు, "మంచిదమ్మా, మంచిది," అన్నాయి. ముందు నిలబడ్డ ఒక పెద్దావిడ నా మొహం చూసి, ఎండనపడి వచ్చినట్టుంది అంటూ, అప్పుడే నింపుకున్న తన బిందెలో చెంబు ముంచి నా చేతికిచ్చింది. వద్దనాలనుకున్నాను. పొద్దుట్నుంచి ఏమీ తాగలేదు, నాలుక పిడచకట్టుకుపోయింది. వాళ్లందరూ చూస్తుండగా ఆ చెంబెడు నీళ్లూ గుటగుటా తాగేశాను.